పాత ఖరీదైన కారు కొని, అసలు రూపం చెడకుండా బాగుచేయించుకోవడం: ఒడిశా సరిహద్దు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, జయపురం, రాయగడ వైపు ఏ పాత బంగళా షెడ్డులోనో ఖరీదైన పాత కారు ఉందని తెలిస్తే చాలు, మనవాళ్ళు వెళ్ళి ముందుగా బానెట్ ఎత్తుతారు. ఇంజిన్ తిరుగుతుందా, పట్టేసిందా అని చూస్తారు. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన సంగతి. పట్టేసిన ఇంజిన్‌ని విడిపించే మేస్త్రీలు విశాఖలో ఉన్నారు, విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నారు, సాలూరు లారీ షెడ్లలోనూ ఉన్నారు. చెదలు తినేసిన కర్ర బాడీ ఫ్రేముని మునుపటిలా తెచ్చిపెట్టేవాళ్ళు, పోయిన కాగితాన్ని పుట్టించేవాళ్ళు మాత్రం లేరు. (కాగితం పుట్టించేవాళ్ళు నిజానికి ఉన్నారు. వాళ్ళ జోలికి పోకండి.)

అందుకే కింద చెప్పేదంతా ఈ వరుసలో ఉంటుంది: ముందు కాగితం, తర్వాత కర్ర, ఆ తర్వాతే ఇనుము.

1. ఏ బండి కావాలో తేల్చుకోవడం

క్లబ్బుల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్ కార్లు. మన చట్టం లెక్క వేరు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే అది వింటేజ్ వాహనమే. కాబట్టి 1920ల నాటి రోల్స్‌రాయిస్ ఒక్కటే కాదు, 1950ల నాటి మెర్సిడెస్ 180 కూడా ఆ కోవలోకి వస్తుంది.

మొదటిసారి కొనేవాళ్ళకి 1930ల నాటి బ్యూక్, ప్యాకార్డ్, లేదంటే రోల్స్‌రాయిస్ 20/25 మంచివి. 20/25ని 1929 నుంచి 1936 దాకా చేశారు. ఆరు సిలిండర్ల ఇంజిన్, ఏ భాగం ఎందుకుందో చూస్తే అర్థమవుతుంది. దాని ధరకే అదే కంపెనీ ఫాంటమ్ 3 వస్తోందని ఎవరైనా ఊరిస్తే వద్దనండి. పన్నెండు సిలిండర్ల ఆ ఇంజిన్‌లో, ముఖ్యంగా మొదట్లో వచ్చిన బండ్లలో, హైడ్రాలిక్ ట్యాపెట్లు (నూనె ఒత్తిడితో పనిచేస్తూ వాల్వుల్ని తెరిచే భాగాలు) ఉంటాయి. మడ్డి నూనె చేరితే అవి పూడుకుపోతాయి. తక్కువకి వస్తోందంటే అందులో ఇలాంటిదే ఏదో ఉందని అర్థం.

అమెరికన్ బండ్లంటే కొందరికి చిన్నచూపు. మన దేశంలో ఆ రోజుల్లో అవి విరివిగా దిగాయి. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయి సేవ్రీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టింది. మన్యం రోడ్లకి ఎత్తుగా, గట్టిగా ఉండే బండ్లు అవే. సామాను దొరకడం కూడా ఇప్పటికీ వాటికే తేలిక.

2. కాగితాల వేట

మన ప్రాంతంలో ఇది మిగతా చోట్లకన్నా చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా లెక్కల్లో, పర్లాకిమిడి గంజాం జిల్లా లెక్కల్లో నడిచాయి. 1928లో కొన్న బండికి మొదటి నంబరు మద్రాసు ప్రెసిడెన్సీది అయ్యుంటుంది, తర్వాతిది ఒడిశాది. మధ్యలో విశాఖకో కలకత్తాకో చేతులు మారితే ఇంకొకటి. జమీందారీల రద్దు చట్టం మద్రాసు రాష్ట్రంలో 1948లో, ఒడిశాలో 1951లో వచ్చింది. ఆదాయం పోయాక డ్రైవర్లని మాన్పించారు, బండ్లు షెడ్లలో నిలబడిపోయాయి. అప్పట్నుంచి రెన్యువల్ చేయించిన నాథుడు ఉండడు. కాగితాల వరుస సాధారణంగా తెగేది అక్కడే.

కాబట్టి ఒక్క ఆర్‌సీ పుస్తకం చూసి తృప్తి పడకండి. ఆ ఇంట్లో పాత పన్ను రసీదులు, ఇన్సూరెన్సు కాగితాలు, కంపెనీ ఏజెంటు రాసిన ఉత్తరాలు, కారు పక్కన నిలబడి దిగిన ఫొటోలు ఏమున్నా అడగండి. పెళ్ళి ఊరేగింపు ఫొటోలో నంబరు ప్లేటు కనబడితే చాలా విలువ. హెడ్‌లైటు ఏ రకమో, స్టెప్నీ ఎక్కడ బిగించారో, రెండు రంగులు వేశారా ఒకటేనా అన్నవి కూడా ఆ ఫొటోలోంచే తెలుస్తాయి. ఫొటోని ఇంటికి తేవద్దు. అక్కడే ఫోనుతో తీసుకుని వెనక్కి ఇచ్చేయండి. అడిగినవన్నీ పట్టుకుపోయే మనిషికి పెద్దవాళ్ళు రెండోసారి బీరువా తెరవరు.

తర్వాత నంబర్లు. రోల్స్‌రాయిస్ అయితే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ రాసుకోండి. ఆ కంపెనీ తాను అమ్మిన ప్రతి ఛాసిస్‌కీ ఒక కార్డు రాసి పెట్టింది: మొదట కొన్నది ఎవరు, బాడీ ఎవరు కట్టారు, ఏ సామాను కోరారు, ఏ తేదీన పంపారు. ఇంగ్లండ్‌లోని రోల్స్‌రాయిస్ ఎన్తూజియాస్ట్స్ క్లబ్ దగ్గర ఆ కార్డుల నకళ్ళు డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. మెర్సిడెస్‌కి డేటా కార్డు, జాగ్వార్‌కి హెరిటేజ్ సర్టిఫికెట్ ఉంటాయి. బ్యూక్, షెవ్రొలె, క్యాడిలాక్ లాంటి వాటిలో ఇంజిన్ వెనక గోడ మీద, వాటికి బాడీలు కట్టిన ఫిషర్ కంపెనీ ప్లేటు చూడండి. బాడీ స్టైలు, రంగు, సీటు గుడ్డ నంబర్లు అందులోనే కొట్టి ఉంటాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ నకళ్ళు తెప్పించుకోవాలి. అమ్మేవాళ్ళు తొందరపెడితే తొందరపెట్టనివ్వండి.

కొట్టిన అంకెల్ని భూతద్దంతో చూడండి. చేత్తో పంచ్ కొట్టిన పాత అంకెలు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. అంకెల చుట్టూ లోహాన్ని గ్రైండర్ పట్టి నున్నగా చేసి ఉన్నా, ఇత్తడి ప్లేటు పాతదై రివెట్లు మాత్రం కొత్తగా తళతళలాడుతున్నా అనుమానించాలి.

ఇంకో మాట. బాడీ ఇంగ్లండ్‌దే కావాలని పట్టుబట్టకండి. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ అమ్మేది నడిచే ఛాసిస్ ఒక్కటే. బాడీ కొన్నవాళ్ళు కట్టించుకునేవాళ్ళు. బార్కర్, హూపర్ లాంటి లండన్ పేర్లే అందరికీ తెలుసు. 1840లో గుర్రపు బగ్గీలతో మొదలైన మద్రాసు సింప్సన్ కంపెనీ కూడా కార్లకి బాడీలు కట్టింది. మద్రాసులో కట్టించుకున్న బాడీ ఉంటే అదే దాని అసలు రూపం. దాన్ని పీకేసి బార్కర్ నకలు కట్టిస్తే చేతిలో మిగిలేది ఖరీదైన నకిలీ.

ఇక హక్కు సంగతి. బండి తాతగారి పేరున ఉంటుంది, అమ్మేది మనవడు. ముందు వారసుల పేరు మీదకి ఫారం 31తో మారాలి. ఆ తర్వాతే ఫారం 29, 30తో మీ పేరుకి వస్తుంది. "పెద్దబాబుగారూ, తమ్ముళ్ళ సంతకాలు కూడా ఉంటే మాకు ధైర్యంగా ఉంటుందండీ" అని మర్యాదగా ముందే అడగండి. వాటాల తగాదా కోర్టులో ఉందని తెలిస్తే ఎంత ముచ్చటగా ఉన్నా ఆ బండి వైపు చూడకండి.

3. కర్ర పరీక్ష

1930లకి ముందు కట్టిన ఖరీదైన బాడీల్లో చాలావాటికి లోపలంతా కర్ర చట్రం. ఇంగ్లండ్ బండ్లలో అది యాష్ కలప. దాని మీద అల్యూమినియం రేకో, ఇనప రేకో మేకులతో బిగిస్తారు. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల కర్ర పిండై ఉండొచ్చు. గోపాలపురం నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు గాలి, ఏజెన్సీలో వానాకాలమంతా చెమ్మ, ఎక్కడైనా చెదలు. వీటిలో ఏది పడినా చాలు.

సాలూరు వైపు లారీ బాడీలు కట్టే పెద్దాయనొకరు ఒక్క ముక్కలో చెప్పేశాడు: "ఇంజినుదేటుంది బాబూ, కర్ర సూసుకోండి."

వెనక తలుపు సగం తెరిచి, కింద అంచుని రెండు చేతులతో మెల్లగా పైకి ఎత్తండి. తలుపు కదిలితే సరే, కీలు అరిగిందనుకోవచ్చు. తలుపుతోపాటు కీలు బిగించిన స్తంభమే కదిలితే ఆ స్తంభం లోపల ఏమీ లేదన్నమాట. తర్వాత వెనక సీటు తీయించి, చక్రం మీది వంపు దగ్గర కర్రని సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. గట్టి కర్ర ముక్కుని ఆపుతుంది. పుచ్చిన కర్రలోకి చప్పుడు లేకుండా దిగిపోతుంది, బయటికి తీస్తే చివర గోధుమ రంగు పొడి అంటుకుని వస్తుంది. స్తంభాల మొదళ్ళు, అద్దం కింది పట్టీ, స్టెప్నీ గుంట, తలుపు గుమ్మం కింద, నీరు నిలిచే ప్రతి మూలా ఇలాగే చూడాలి. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు ఒకప్పుడు వచ్చాయని మాత్రమే తెలుస్తుంది. గొట్టం విరిచి ఓ రోజు ఆగి చూడండి. మళ్ళీ కట్టి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది.

రేకుకి అయస్కాంతం పరీక్ష అందరికీ తెలిసిందే. అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి ఇనప రేకు మీద జరపండి. పట్టు సడలిన చోట కింద పుట్టీ ఉంది. అల్యూమినియానికి అయస్కాంతం అంటదు కాబట్టి అక్కడ వెనక వైపు చూడాలి. చేత్తో సుత్తి కొట్టిన గుర్తులు లోపలి వైపు చక్కగా కనబడితే అది పాత పని. అల్యూమినియం, ఇనుము కలిసే చోట తెల్లటి పొడి రాలుతోందంటే ఉప్పుగాలికి ఇనుము తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతోంది. ఆ అంచు మొత్తం విప్పాల్సిందే.

ఆఖర్న సామాను లెక్క. హెడ్‌లైట్లు, మీటర్లు, రేడియేటర్ మూత, తలుపు హ్యాండిళ్ళు, అద్దాలు తిప్పే పిడులు, సీటు కింద పనిముట్ల పెట్టె ఉన్నాయో లేవో ఒక్కొక్కటీ రాసుకోండి. ఇంజిన్ పని కన్నా ఒక సరైన హెడ్‌లైటు వెతకడమే ఎక్కువ కాలం పట్టొచ్చు. అన్ని సామాన్లూ ఉండి ఇంజిన్ పట్టేసిన బండి, సామాను పోయి ఇంజిన్ తిరిగే బండి రెండూ ఒకే ధరకి వస్తే కళ్ళు మూసుకుని మొదటిది తీసుకోండి.

4. ఇంటికి తేవడం

తాడు కట్టి లాక్కురావద్దు. ఏళ్ళ తరబడి నిలబడిన బండికి బ్రేకులు ఉండవు, ఉన్నా వదలవు. బల్లలారీ మీద వేయించండి. జయపురం నుంచి సాలూరు ఘాట్ దిగేటప్పుడు మలుపుల్లో బండి ఊగుతుంది. బెల్టులు ఇరుసులకి వేయాలి, బంపర్‌కీ బాడీకీ కాదు. బాడీకి వేస్తే ఉన్న కర్ర కాస్తా ఘాట్‌లోనే విడిపోతుంది.

5. విప్పే ముందు

ఎవ్వరూ స్పానర్ పట్టకముందే బండి మొత్తం ఫొటోలు తీయండి, విప్పేటప్పుడు ప్రతి దశలో మళ్ళీ తీయండి. బోల్టులన్నీ విడివిడి సంచుల్లో పేర్లు రాసి పెట్టాలి. ఇంగ్లండ్ బండ్లలో విట్‌వర్త్, బీఎస్ఎఫ్ అనే పాత ఇంగ్లీషు కొలతల మరలు ఉంటాయి. వాటికి మన మిల్లీమీటర్ స్పానర్ పెడితే తల గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత మేస్త్రీ చేసే పని తెలిసిందే: కన్నంలో ట్యాప్‌తో (మర కోసే పనిముట్టుతో) కొత్త మర కోసి దొరికిన బోల్టు ఎక్కిస్తాడు. ఒక స్పానర్ సెట్టు కొనడానికి బద్ధకించి బండిలో వంద చోట్ల అసలు మర పోగొట్టుకుంటారు. స్క్రూ తలలు కూడా చూసుకోవాలి. ప్లస్ గుర్తున్న ఫిలిప్స్ స్క్రూలు 1936 క్యాడిలాక్‌తో కార్లలోకి వచ్చాయి. అంతకుముందు బండికి ఒక్క ప్లస్ స్క్రూ కనబడినా పోటీల్లో జడ్జీ కన్ను అక్కడే పడుతుంది.

పాత బండ్ల సంఘాల ప్రపంచ సమాఖ్య ఫీవా 2013లో ఆమోదించిన టురిన్ చార్టర్ అనే పత్రం ఉంది. అందులో ఉన్నది ఒక రకంగా మన పెద్దలు పాత ఇళ్ళ గురించి చెప్పేదే: నిలబడేదాన్ని నిలబెట్టు, తప్పనిదాన్నే మార్చు, మార్చింది ఏదో తెలిసేలా ఉంచు. కాబట్టి పాడైన ముక్కల్నీ పారేయకండి. కొత్త కర్ర మీద, లోపలి వైపు, వేసిన సంవత్సరం రాయించండి.

ఇసుక పేల్చి శుభ్రం చేస్తామంటే ఛాసిస్ వరకే ఒప్పుకోండి. నేను చూసిన ఒక షెడ్డులో అల్యూమినియం బానెట్‌కి అదే చేశారు. ఇసుక దెబ్బలకి రేకు సాగి అలలు అలలుగా తేలింది. దాన్ని తిరిగి తిన్నగా చేసే చెయ్యి ఈ చుట్టుపక్కల దొరకలేదు.

6. ఇంజిన్

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో పల్చటి తుప్పు విడిచే నూనె పోసి వదిలేయండి. రోజులు కాదు, వారాలు. మధ్యమధ్యలో హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిపి చూడాలి. జీపు కట్టి లాగితే పిస్టన్ రింగులు విరుగుతాయి.

తిరిగిందని సంతోషపడి వెంటనే స్టార్ట్ చేయకండి. కింద నూనె తొట్టి విప్పి చూస్తే అడుగున నల్లటి మడ్డి ఉంటుంది. దాన్ని తుడవకుండా ఇప్పటి నూనె పోస్తే, ఆ నూనెలో ఉండే శుభ్రం చేసే గుణం మడ్డిని కదిపి సన్నటి దారుల్లోకి తోస్తుంది. సిలిండర్ల చుట్టూ నీళ్ళ గదుల్లోనూ ఇంతే. తుప్పు పేరుకునేది వెనక సిలిండర్ దగ్గర. పక్క ప్లేట్లు ఉంటే విప్పి, తీగతో గీకి కడగాలి. రేడియేటర్‌ని తిట్టే ముందు ఈ పని చేయించండి.

బేరింగుల్లో వైట్‌మెటల్ ఉంటుంది, అంటే సీసం, తగరం, ఆంటిమొనీ లాంటివి కలిపి పోసిన మెత్తటి పూత. దాన్ని మళ్ళీ పోసి, నీలం రంగు రాసి, చేత్తో గీకి అమర్చే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, తగ్గిపోతున్నారు. అలాంటివాళ్ళు దొరికితే వేరే బండి బేరింగులు ఎక్కించాలన్న ఆలోచన మానుకోండి. ఇంజినే మార్చి డీజిల్ ఇంజిన్ పెడితే మైలేజీ వస్తుందని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపండి. అసలు ఇంజిన్ పోతే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి కూడా అర్హత పోతుంది.

7. కర్ర, రేకు పని

సాలూరులో లారీ బాడీలు కట్టే వడ్రంగులకి బరువు మోసే కర్ర పని బాగా వచ్చు. కారు చట్రం పని దానికి పూర్తిగా వేరు. ఇక్కడ కర్ర కాస్త వంగాలి, అందుకే యాష్ వాడారు. మన దేశంలో దాని బదులు బాగా ఎండిన టేకు వాడటం చాలాకాలంగా ఉంది, అది తప్పేం కాదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే అతుకు ఊడుతుంది. స్తంభం మొదలు మాత్రమే పుచ్చితే మొత్తం స్తంభం మార్చొద్దు. పుచ్చిన చోటు దాటాక ఏటవాలుగా కోసి, అదే వాలుతో కొత్త ముక్క అతికించమనండి. మంచి వడ్రంగికి ఇది మామూలు పనే, కాకపోతే అడిగితేనే చేస్తాడు. కొత్తది వేయడం అతనికి తేలిక. మూసే ముందు కొత్త, పాత కర్ర మొత్తానికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం రెండు మూడు పూతలు పట్టించండి.

రోల్స్‌రాయిస్ రేడియేటర్ ముందు గూడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూపుకి దాని అంచులు సరళరేఖల్లా ఉంటాయి. నిజానికి గ్రీకు గుళ్ళ స్తంభాల్లా అవి కాస్త ఉబ్బుగా ఉంటాయి. ఉబ్బు లేకపోతే కంటికి లోపలికి వంగినట్టు కనిపిస్తుందని అలా చేశారు. ఇది తెలియని టింకర్ సొట్టలు తీస్తూ తీస్తూ దాన్ని నిజంగానే తిన్నగా చేసి ఇస్తాడు. మొదటి రోజుల బండ్లలో ఆ గూడు జర్మన్ సిల్వర్. క్రోమ్ పూయించాల్సిన పని లేదు, మెరుగు పెడితే చాలు.

8. రంగు, నికెల్, సీటు

అసలు రంగు తెలుసుకోవాలంటే ఎండ తగలని చోట్లు చూడాలి: డాష్‌బోర్డు వెనక, తలుపు గుమ్మం పట్టీ కింద, బానెట్ కీలు అడుగున. ఇంకో పద్ధతి ఉంది. కనబడని మూలలో సన్నటి నీటి కాగితంతో చిన్న వృత్తం గీకుతూ పోతే, వేసిన రంగులన్నీ ఉల్లిపాయ కోసినట్టు వలయాలుగా బయటపడతాయి. అన్నింటికన్నా లోపలి వలయం ప్రైమర్, దాని పైది మొదటి రంగు. ఆ చోటుని అలాగే వదిలేయండి, మళ్ళీ రంగు వేయొద్దు. రేపు ఎవరైనా అడిగితే చూపించే సాక్ష్యం అదే.

1920ల మధ్య నుంచి త్వరగా ఆరే సెల్యులోజ్ లక్కర్ అనే రంగు వచ్చింది. అంతకుముందు బ్రష్‌తో పూతలు పూతలుగా వేసి, వారాల తరబడి ఆరబెట్టేవాళ్ళు. ఇప్పటి రెండు డబ్బాల పెయింటు (రంగులో గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది), దాని మీద క్లియర్ కోటు కొడితే కారు ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంది, పెళ్ళికి అద్దెకిచ్చే బండిలా కనిపిస్తుంది. ఈ ఉప్పుగాలికి అదే మన్నుతుందన్నది నిజమే. బండి సముద్రానికి దగ్గరగా ఉండేదైతే దాన్ని వాడినా నేను తప్పుపట్టను. క్లియర్ కోటు మాత్రం వద్దు. పైన సన్నగా రుద్దించి మెరుపు తగ్గించండి.

నికెల్, క్రోమ్ తేడాలో ఎక్కువమంది దొరికిపోతారు. క్రోమ్ పూత కార్ల మీద బాగా వాడుకలోకి వచ్చింది 1920ల చివర్లోనే. 1926 బండి హెడ్‌లైటు చుట్టూ నీలిగా, చల్లగా మెరిసే క్రోమ్ ఉందంటే ఎవరో తర్వాత పూయించిందే. నికెల్ మెరుపులో లేత పసుపు ఛాయ ఉంటుంది. హెడ్‌లైటు అద్దం పట్టీ విప్పి లోపలి అంచు చూడండి. పూత అరగని ఆ చోట రెండు వేళ్ళ మేర అసలు నికెల్ దొరుకుతుంది. ప్లేటింగ్ షాపుకి అదే నమూనా, నోటిమాటగా "నికెల్ వేయి" అంటే వాళ్ళు అలవాటుగా దాని మీద క్రోమ్ కూడా వేసి పంపుతారు. పట్టీ చిట్లితే శ్రీకాకుళం జిల్లా బుడితి వైపు ఇత్తడి పని చేసేవాళ్ళని అడిగి చూడండి. చేతి పోతలో వాళ్ళకి తరాల అనుభవం. కొలత మాత్రం మీరు దగ్గరుండి చూసుకోవాలి.

సీట్ల దగ్గర ఒక పొరపాటు మామూలైపోయింది. పాత లిమౌజిన్‌లో తోలు ఉండేది చాలావరకు ముందు డ్రైవర్ సీటుకే, యజమాని కూర్చునే వెనక భాగానికి మంచి ఉన్ని గుడ్డ. ఇప్పుడు అంతటా తోలే కుట్టించి "లగ్జరీ" అంటున్నారు. లోపల గుర్రపు వెంట్రుక, స్ప్రింగులు ఉంటే వాటిని దులిపి, ఎండబెట్టి మళ్ళీ వాడొచ్చు. ఫోమ్ పెడితే కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది, సీటు ఆకారం మాత్రం బస్సు సీటులా ఉబ్బుతుంది. పాత గుడ్డ ఎంత చిరిగినా ఒక జానెడు ముక్క సీటు కింద కుట్టి ఉంచండి.

9. కరెంటు, పెట్రోలు, బ్రేకులు

చాలా అమెరికన్ బండ్లు 6 వోల్టులవి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని 12 వోల్టులకి మార్చేస్తారు. తప్పు బ్యాటరీది కాదు, వైరుది. వోల్టేజీ సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు లాగుతుంది. ఎవరో ఎప్పుడో ఇప్పటి కార్ల సన్న కేబుల్ వేసి ఉంటారు. లావు కేబుల్ వేసి, ఎర్త్ బిగించే చోట రంగు గీకించండి, సెల్ఫ్ దానంతటదే హుషారుగా తిరుగుతుంది. ఇంగ్లండ్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండొచ్చు, అంటే బ్యాటరీ ప్లస్ కొసనే బండి ఇనుముకి కలుపుతారు. అలవాటు చొప్పున బ్యాటరీ ఎక్కించే ముందు గుర్తు చూడండి. నూలు అల్లిన పాత రకం వైరింగ్ ఇప్పటికీ చేసి అమ్ముతున్నారు. ఒక ఫ్యూజు ఎక్కువ పెట్టి కనబడకుండా దాచడం వరకు నాకు సమ్మతమే. కర్ర బాడీకి నిప్పంటుకుంటే అసలు రూపం గురించి మాట్లాడటానికి ఏమీ మిగలదు.

పెట్రోలు సంగతి కొత్త టెన్షన్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. పాత కార్బొరేటర్లలో ఫ్లోటు (పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలే ముక్క) బెండుతో చేసి లక్క వార్నిష్ పూసింది ఉండొచ్చు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వార్నిష్ పోయాక బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది, కార్బొరేటర్ పొంగి ఇంజిన్ మీద కారుతుంది. ఇత్తడి ఫ్లోటు వేయించండి, లేదా ఇథనాల్‌కి తట్టుకునే పూత పూయించండి. రబ్బరు గొట్టాలు కూడా అలాంటివే వేయాలి. ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది కాబట్టి వానాకాలం బండి తీయరనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. సీసం లేని పెట్రోలుతో వాల్వులు పోతాయన్న భయం 1930ల ముందు బండ్లకి పెద్దగా అక్కర్లేదు. వాటి కంప్రెషన్ తక్కువ.

పాత బ్రేకు లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పి గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టనివ్వొద్దు. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవమనండి. టైర్ల గాడులు ఎంత లోతుగా ఉన్నా దశాబ్దాల నాటివైతే పనికిరావు. సరైన సైజువి విదేశాల నుంచి తెప్పించుకోక తప్పదు.

10. షెడ్డు

ప్లాస్టిక్ కవరు, టార్పాలిన్ వద్దు. లోపల చెమ్మ పట్టి ఒక్క వానాకాలంలో నికెల్ మీద చుక్కలు లేస్తాయి. నూలు కవరు వేయండి, గాలి ఆడనివ్వండి. నేల సిమెంటుదైనా చెదలు పగుళ్ళలోంచి వస్తాయి, గోడ అంచుల వెంట మందు కొట్టించాలి. నూలు వైరింగ్‌కి ఎలుకలు వస్తాయి. ఇక అక్టోబరు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఊడ్చేసింది. రెండూ అక్టోబరులోనే. ఆ నెలలో బండిని రేకుల షెడ్డు కింద ఉంచకండి. శ్లాబు కింద, మెరకన, చెట్లకి దూరంగా పెట్టుకోవాలి.

11. రిజిస్ట్రేషన్

2021 జులైలో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల సవరణ నియమాలతో వింటేజ్ బండ్లకి విడి పద్ధతి ఏర్పడింది. ఫారం 20తో దరఖాస్తు చేయాలి. పాత ఆర్‌సీ, ఇన్సూరెన్సు, దిగుమతి బండి అయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. రాష్ట్రం వేసిన కమిటీ బండిని చూసి అర్హత తేలుస్తుంది. విప్పేటప్పుడు తీసిన ఫొటోలు, కంపెనీ కార్డు నకలు అక్కడే పనికొస్తాయి. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే ఉంచుకునే వీలుంది. తాతల కాలపు నంబరు ఉంటే ఎవరు చెప్పినా వదులుకోకండి.

ఈ రిజిస్ట్రేషన్‌తో బండిని రోజూ తిప్పడానికి, పెళ్ళిళ్ళకి అద్దెకివ్వడానికి వీల్లేదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తీయొచ్చు.

బరంపురంలో కొని శ్రీకాకుళంలోనో విశాఖలోనో పెట్టుకునేవాళ్ళు ఫారం 28తో ఒడిశా ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలి. వారసుల పేరు మార్పు, మీ పేరు మార్పు, ఎన్‌ఓసీ ఈ వరుసలోనే నడపండి. బండిని లారీ ఎక్కించాక మొదలుపెడితే ప్రతి సంతకానికీ సరిహద్దు దాటి వెనక్కి రావాలి. ఆఫీసులో పని ఒడియాలో నడుస్తుంది కాబట్టి ఒడియా చదవడం వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళండి, వారసుల్లో ఒకరు కూడా వస్తే ఇంకా మంచిది.